అమ్మ మాట ఎవరు విన్నారు?

ప్రశ్న: మా అమ్మకు 79 ఏళ్లు. అన్నయ్య ఇంట్లో ఉంటుంది. ఏడాదిగా ఒక కేర్‌టేకర్ చూసుకుంటోంది. ఈమధ్య అమ్మ ఫోన్లో, "ఈ పిల్ల సూది వేసిన మర్నాడు పొద్దెక్కినా మెలకువ రావట్లేదే" అంది. అన్నయ్యను అడిగితే "పెద్దతనం, ఏదో ఊహించుకుంటోంది" అన్నాడు. ఆస్తి దగ్గర మాటామాటా వచ్చి ఎనిమిది నెలలుగా నేను ఆ ఇంటికి వెళ్లడం లేదు. రోగుల్ని చంపిన నర్సుల గురించి చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. అన్నయ్యకు తెలియకుండా అమ్మ గదిలో కెమెరా పెట్టించవచ్చా?

జవాబు: పెట్టించకండి. ఆ గదిలోనే ఆవిడకు బట్టలు మారుస్తారు, ఒళ్లు తుడుస్తారు. ఆవిడను ఒక్క మాటైనా అడగకుండా అక్కడ కెమెరా ఏమిటి? ఆ సంగతి వదిలేద్దాం.

మీ భయం మాత్రం ఉత్తిది కాదు. కెనడాలో ఎలిజబెత్ వెట్‌లాఫర్ అనే నర్సు అవసరం లేని ఇన్సులిన్ ఎక్కించి ఎనిమిది మంది వృద్ధులను చంపింది. మొదటి హత్య 2007లో. 2016లో తనంతట తానే ఒప్పుకునే దాకా అవి బయటపడలేదు. ఆమె నోరు విప్పకపోతే ఎప్పటికీ బయటపడేవి కావని విచారణ కమిషన్ తేల్చింది. పోయినవాళ్లంతా పెద్దవాళ్లు మరి. వయసైపోయిందంటే ఎవరూ మారు ప్రశ్న వేయరు. మీ అన్నయ్య అన్న "పెద్దతనం" కూడా అలాంటి మాటే.

బ్రిటన్‌లో డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్‌కు 2000లో 15 హత్యలకు శిక్ష పడింది. తర్వాతి విచారణలో ఆ లెక్క 215కు చేరింది. అన్నేళ్లు పెద్దమనిషిగా చెలామణి అయినవాడు దొరికింది ఒక కూతురి వల్ల. 1998లో 81 ఏళ్ల తల్లి హఠాత్తుగా పోయాక, ఆస్తి డాక్టరుకే రాసినట్టు వీలునామా వచ్చింది. అడ్డదిడ్డంగా టైపు కొట్టిన ఆ కాగితం తన తల్లి పని కాదని ఆమెకు అర్థమైపోయింది. తల్లి పద్ధతి తెలిసిన మనిషి కాబట్టి. మీ అమ్మ ఇప్పుడు ఏయే మందులు వాడుతోందో మీకు తెలుసా?

ఇక్కడ కుదించాం గానీ, మీ రెండు పేజీల ఉత్తరంలో ఒకటిన్నర పేజీ అన్నయ్య మీద ఫిర్యాదే రాశారు. వాటా కోసం పోట్లాడండి, కోర్టుకు వెళ్లండి, తప్పు లేదు. తల్లి ఉన్న ఇంటి గడప తొక్కనన్న పంతం మాత్రం నాకు నచ్చలేదు. మీ ఇద్దరి మధ్య నలుగుతున్నది ఆవిడ.

వెళ్లి, ఆ సూది ఏమిటో, ఎవరు రాశారో చీటీ చూడండి. చీటీలో లేకపోతే ఆ క్షణమే ఆపించి, వేరే డాక్టరుకు చూపించండి. లేపినా లేవకపోతే నేరుగా ఆసుపత్రికే. మగతలో ఉండగానే షుగర్ చూడాలి. అది బాగా పడిపోయి ఉంటే, అప్పుడే తీసిన రక్తంలో ఇన్సులిన్‌తో పాటు సి-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ తయారైనప్పుడు దానితో పాటే పుట్టే పదార్థం) కూడా చూడమని అడగండి. ఆ ఇన్సులిన్ ఒంట్లో తయారైందో, బయటి నుంచి ఎక్కించిందో తెలుస్తుంది. అనుమానం నిజమైతే పోలీసుల దగ్గరికి వెళ్లండి. కాకపోతే ఆ పిల్లను దోషిలా చూడకండి. చంపేవాళ్లు అరుదు. డాక్టరు రాసిన మందే ఆవిడ వయసుకు ఎక్కువై ఉండొచ్చు.

అన్నయ్యకు ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పండి. ఆస్తి ఊసు ఎత్తొద్దు. కేర్‌టేకర్‌ను కాసేపు బయటికి పంపి, అమ్మ పక్కన కూర్చుని, ఆ సూది సంగతి మొదటి నుంచి మళ్లీ చెప్పించుకోండి. ఇవాళే బయల్దేరండి.