మా పాతింట్లో న్యూట్రల్ ఫ్యూజు

నలభై ఏళ్ల మీ ఇంటికి ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటంతా తిరిగి రాకుండా నేలలోకి కారిపోతుంటే వెంటనే సరఫరా ఆపేసే పరికరం) పెట్టాలని, వైరింగంతా మార్చాలని ఎలక్ట్రీషియన్ అంటున్నాడనీ, ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ పెట్టని ఇంటికి ఈ కొత్త నిబంధనలెందుకనీ అడిగారు. కావలిలో మా నాన్నగారు 1979లో కట్టించిన ఇంటి సంగతి చెబుతాను.

ఆ ఇంట్లో గోడల వెంట టేకు పట్టీలు, వాటి మీద క్లిప్పులతో బిగించిన అల్యూమినియం వైర్లు, వరండాలో మీటరు పక్కన చెక్కబోర్డు మీద రెండు పింగాణీ ఫ్యూజులు ఉండేవి. ఒకటి కరెంటు వచ్చే ఫేజుకు, రెండోది అది తిరిగి వెళ్లే న్యూట్రల్‌కు. ఫ్రిజ్ కొన్నప్పుడు త్రీపిన్ సాకెట్ కావలసి వచ్చింది. ఇంట్లో ఎర్త్ వైరే (దారి తప్పిన కరెంటును నేలలోకి దించే తీగ) లేదు కనుక, సాకెట్ బిగించిన మనిషి ఎర్త్ టెర్మినల్‌ను చిన్న తీగముక్కతో న్యూట్రల్‌కు కలిపి వెళ్లిపోయాడు. తరువాత పదిహేనేళ్లు ఎవరికీ ఏమీ కాలేదు.

ఒక జూన్ మధ్యాహ్నం లైట్లు, ఫ్యాన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోయిందనుకుని మా అమ్మగారు, అప్పుడే కడిగిన నాపరాళ్ల మీద తడి కాళ్లతో నడిచి వెళ్లి, మంచినీళ్ల కోసం ఫ్రిజ్ ఇనుప పిడి పట్టుకున్నారు. కేక విని నేను వెళ్లేసరికి ఆమె గోడకు ఆనుకుని కూలబడి ఉన్నారు. కుడి అరచేతి వేళ్లు ముడుచుకోవడానికి రావడం లేదు. సాకెట్‌లో టెస్టర్ పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలిగింది, ఫ్రిజ్ పిడి మీద పెట్టినా వెలిగింది. పోయింది న్యూట్రల్ ఫ్యూజు మాత్రమే. ఫేజు కరెంటు ఫ్రిజ్ మోటారులోంచి న్యూట్రల్ తీగలోకి వచ్చి, తిరిగి వెళ్లే దారి లేక, ఆ తీగముక్క మీదుగా ఫ్రిజ్ ఒంటికే ఎక్కి కూర్చుంది. మా వీధిలో రిటైరైన లైన్‌మన్ ఒకాయన వచ్చి చూసి, "అబ్బయ్యా, న్యూట్రల్‌కు ఫ్యూజు పెట్టగూడదని మేం ఉద్యోగంలో చేరిన రోజే చెప్పినారు" అన్నారు.

ఆయన మాట నిజం. న్యూట్రల్‌లో ఫ్యూజు గానీ విడి స్విచ్చు గానీ ఉండకూడదని 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 32వ నియమమే చెప్పింది. అంటే మా ఇల్లు కట్టిన రోజునే నిబంధనకు విరుద్ధంగా ఉంది. అందుకే, కొత్త నిబంధనలు పాత ఇళ్లను ఇబ్బంది పెడుతున్నాయనే మాటను నేను ఒప్పుకోను. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 5 కిలోవాట్లు, అంతకు పైబడిన ఇళ్లకు ఎర్త్ లీకేజీ రక్షణ (ఆర్‌సీసీబీ చేసే పని ఇదే) తప్పనిసరి చేసింది, 2023లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. అయినా మన పాత ఇళ్లలో ఎక్కువ ప్రమాదం పాత నియమాలనైనా పాటించకపోవడం వల్లనే వస్తోంది. ఫాల్స్ సీలింగు దీపాలకు వేలకు వేలు పోసేవారు ఎర్త్ గొయ్యి దగ్గర బేరమాడటం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

మేము ముందుగా 2.5 మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపుతో ఎర్త్ వేయించి, ప్రతి త్రీపిన్‌కూ పచ్చ ఎర్త్ తీగ లాగించి, గీజరుకూ ఏసీకీ విడిగా రాగి లైన్లు వేయించాము. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. నాలుగు బల్బుల కోసం వేసిన పాత తీగ మీద ఆ భారం మోపకూడదు. చివరగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాము.

అది ఊరికే పడిపోయి కరెంటు ఆపేస్తుంటే, వస్తువు మంచిది కాదు, తీసేద్దామన్నాడు పని చేసిన కుర్రవాడు. నేను ఒప్పుకోలేదు. ఒక్క బల్బు వెలిగితే నిలుస్తోంది, ఇస్త్రీపెట్టె పెడితే ఏ సాకెట్‌లోనైనా పడిపోతోంది. లోపం ఆర్‌సీసీబీది కాదు, ఎక్కడో న్యూట్రల్ తీగ నేలకు తగులుతోందని అర్థం. వెతికితే మెట్ల కింద, సున్నపు గోడ చెమ్మలో పట్టీ వెనక దొరికింది; వేలితో తాకగానే తీగ మీది తొడుగు పొడిపొడిగా రాలింది. నవంబరు వానలు, సముద్రపు గాలి కలిసి దాన్ని తినేశాయి.

కాబట్టి అంతా ఒకేసారి పీకించవద్దు. మెగ్గర్‌తో (తీగల తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరం) 500 వోల్టుల దగ్గర ఒక్కొక్క లైనునూ పరీక్ష చేయించి, నిలబడిన లైట్ల లైన్లను ఉంచుకోండి. అంతకన్నా ముందు, మెయిన్ ఆపించి ఫ్రిజ్ సాకెట్ విప్పించి చూడండి. ఎర్త్‌కూ న్యూట్రల్‌కూ మధ్య తీగముక్క కనిపిస్తే, అసలు ఎర్త్ వేయించేదాకా ఆ సాకెట్ వాడకండి.