రౌటర్ మార్చక్కర్లేదు, ఎయిర్‌టైమ్ చూడు

బ్రో, బ్రాడీపేట హాస్టల్లో చివరి రూమ్ వాడి పాత ఫోన్ కనెక్టవగానే అందరికీ నెట్ పడిపోతోందన్నావుగా, అది నెట్ లైన్ గొడవ కాదు. వైఫైలో వంతులు ప్యాకెట్ల (డేటా ముక్కల) లెక్కన వస్తాయి, టైమ్ లెక్కన కాదు, 1500 బైట్ల ప్యాకెట్ 300 ఎంబీపీఎస్‌లో 40 మైక్రోసెకన్లలో పోతే, వాడి స్లో ఫోన్ 6 ఎంబీపీఎస్‌లో అయితే 2 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే ఎయిర్‌టైమ్, అదే గాల్లో సిగ్నల్ నడిచే టైమ్, చాలావరకు వాడే తినేస్తున్నాడు. లినక్స్ 5.1 నుంచి మ్యాక్80211లోనే (లినక్స్‌లో వైఫై నడిపే భాగం) ఎయిర్‌టైమ్ షెడ్యూలర్ ఉంది, ఎవడెంతసేపు వాడాడో ఖాతా రాసి, అయిపోయినోడిని క్యూ వెనక్కి పంపుద్ది. నీ రౌటర్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం చేసిన లినక్స్) ఉందన్నావు కాబట్టి కొత్త వెర్షన్ ఎక్కించి, స్టేషన్ డంప్‌లో (కనెక్టైన ఫోన్ల వివరాల లిస్ట్) వాడి బిట్‌రేట్, టీఎక్స్ డ్యూరేషన్ (వాడికి పంపడానికి పట్టిన టైమ్) చూడు. కాకపోతే వైఫై చిప్‌ని నడిపే డ్రైవర్ సపోర్ట్ ఉండాలి, ఏటీహెచ్9కే, ఎమ్‌టీ76 డ్రైవర్లయితే ఓకే. వాడు అప్‌లోడ్ చేస్తే మాత్రం రౌటర్ నేరుగా ఆపలేదు, ఆ రూమ్ దగ్గర ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టించు.