లేని కాలువ

అమ్మాయికి ఆశీస్సులు.

చైనాలో హాలీవుడ్ సినిమాల గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి విసుగొచ్చింది. విదేశీ సినిమాలకు రాబడిలో వాటా ఇచ్చే పద్ధతి 1994లో మొదలవడం, 2012 నుంచి ఏడాదికి అలాంటి 34 సినిమాల కోటా, టికెట్ల రాబడిలో అమెరికా కంపెనీకి 25 శాతం... లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ చివర్లో ‘చైనా ప్రేక్షకుడికి గ్రాఫిక్స్ ఉంటే చాలు’ అని తేల్చేశావు. ఎవరమ్మా ఆ ప్రేక్షకుడు?

రెండోసారి మూడో పేజీలో ఆగిపోయాను. మెడిసిన్ చదివే రోజుల్లో చైనాలోని నాన్‌జింగ్‌లో ‘కోకో’ అనే హాలీవుడ్ యానిమేషన్ సినిమా చూస్తుంటే, పక్క సీట్లో పెద్దావిడ ఏడుస్తూ నిన్ను టిష్యూ అడిగిందని రాశావు. ఒకే ఒక్క వాక్యం. వెంటనే మళ్లీ కోట్లలో పడ్డావు.

ఆ సినిమా అంతా మెక్సికోదే, చనిపోయినవాళ్ల పండుగ. అయినా 2017లో విడుదలై చైనాలో 120 కోట్ల యువాన్లకు పైగా రాబట్టింది. ఏటా ఛింగ్‌మింగ్ నాడు పెద్దల సమాధులు శుభ్రం చేసి వచ్చేవాళ్లకు, పోయినవాళ్ల ఫొటోలు ఎందుకు పెట్టుకుంటారో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అదే ‘ఐరన్ మ్యాన్ 3’లో అయితే చైనా కోసమని అక్కడి నటి ఫాన్ బింగ్‌బింగ్‌తో విడిగా సీన్లు కలిపారు. డబ్బులొచ్చాయి, కానీ ఆ సీన్లు అతికించినట్టున్నాయని అక్కడివాళ్లే విసుక్కున్నారు. 2020 నాటి ‘ములాన్’ అయితే చైనాను మెప్పించాలనే తీశారు. చైనా ఉత్తరాది గాథలోని పిల్ల ములాన్‌ను దక్షిణాన ఫూజియన్ గుండ్రటి మట్టి ఇళ్లలో పెట్టారు. అక్కడి జనం వెంటనే పట్టుకున్న తప్పుల్లో అదొకటి.

ఫలానావాళ్లు మెచ్చాలని తెచ్చి కలిపింది ఆ ఫలానావాళ్లకే ముందు తెలిసిపోతుంది. నాకిది ఎలా తెలిసిందో చెప్తాను.

నా మొదటి కథ పాలమూరుది. ఒక వారపత్రిక ఎడిటర్, ‘ఈ ఎండిన ఊరు కోస్తా పాఠకులకు ఎక్కదు, ఒక పంటకాలువ పెట్టండి’ అన్నాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో పెట్టాను. చదివి వినిపిస్తే మా అమ్మ, ‘మనూర్ల కాలువ యాడుందిరా?’ అంది. కోస్తా నుంచి ఒక్క ఉత్తరం కూడా రాలేదు. 40 ఏళ్లయినా ఆ ఎడిటర్‌ను క్షమించలేకపోతున్నాను.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. అది తర్వాత. ముందు ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లు. ఏ సీన్ దగ్గర టిష్యూ అడిగింది? ఒక్కతే వచ్చిందా? లైట్లు వెలిగాక లేచిందా, అలాగే కూర్చుందా? ఆ మూడో పేజీ తిరగరాసి పంపు.