నవ్వుతూ మాట్లాడటం నా ఉద్యోగం... దాన్నే అలుసుగా తీసుకుంటున్నారు!

ప్రశ్న: నా వయసు 28. డిగ్రీ చదివాను. పెళ్లయి ఆరేళ్లయింది, నాలుగేళ్ల పాప ఉంది. రెండేళ్లుగా మా ఊళ్లోని ఒక పెద్ద వస్త్ర దుకాణంలో పట్టుచీరల విభాగంలో సేల్స్‌గర్ల్‌గా పనిచేస్తున్నాను. చీర విప్పి, కొంగు నా భుజం మీద వేసుకుని చూపించడం మా పనిలో భాగం. అలా వేసుకోగానే భార్యలతో వచ్చిన మగవాళ్లు కొందరు ‘మీకు భలే నప్పిందండీ’, ‘మీరు కట్టుకుంటే ఏ చీరకైనా అందం వస్తుంది’ అంటుంటారు. వెంటనే ఆ భార్య ముఖం మారిపోతుంది. కోపమంతా నా మీదే. ఈ మధ్య యాభై దాటిన ఒకాయన తరచూ వస్తున్నారు. ఏమీ కొనరు. నా కౌంటర్ ముందే కూర్చుంటారు. బ్యాడ్జీ మీద పేరు చూసి, పేరు పెట్టి పిలుస్తారు. ‘యూనిఫాం చీరలోనే ఇంత బాగున్నావే’, ‘నవ్వితే సొట్ట పడుతుంది, ఏదీ, ఇంకోసారి నవ్వు’ అంటారు. ఫ్లోర్ ఇన్‌చార్జికి చెబితే ‘పెద్ద కుటుంబం, పెళ్లి బట్టలన్నీ ఇక్కడే కొంటారు, నవ్వి ఊరుకో’ అన్నారు. మా వారు ద్విచక్ర వాహనాల ఫైనాన్స్ సంస్థలో పనిచేస్తారు. ఆయన ‘నువ్వు నవ్వుతూ మాట్లాడతావు కాబట్టే అంటున్నారు, మానెయ్’ అంటున్నారు. అమ్మేమో ‘బాగున్నావనే కదా అన్నాడు, తిట్టలేదు కదా’ అంటోంది. తలలో పూలు పెట్టుకోవడం కూడా మానేశాను. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: లేదమ్మా, మీరు అతిగా ఆలోచించడం లేదు. చుట్టూ ఉన్నవాళ్లే చాలా తక్కువగా ఆలోచిస్తున్నారు. ఇన్‌చార్జికి అమ్మకం కనిపించింది, మీ వారికి మీ నవ్వు కనిపించింది, అమ్మకు ఆ మాటలో తిట్టు లేకపోవడం కనిపించింది. ఆ మాట విన్నప్పుడు మీకెలా ఉందో ఒక్కరూ అడగలేదు.

ఏ పేరంటంలోనో మీ ఆడపడుచు ‘ఈ చీర నీకు ఎంత బాగుందో వదినా’ అంటే మీకు సంతోషమే. నచ్చితే మురిసిపోతారు, నచ్చకపోతే మాట మారుస్తారు, అదీ కాకపోతే లేచి పక్క గదిలోకి వెళ్తారు. కౌంటర్ వెనక ఈ మూడింటిలో ఒక్కటీ మీ చేతిలో లేదు. ఎదురు మాట్లాడకూడదు, ముఖం ముడుచుకోకూడదు, కదలకూడదు. ఆ సంగతి ఎదుటి మనిషికి బాగా తెలుసు. దారిన పోయే స్త్రీతో అనడానికి జంకే మాటను మీతో ధీమాగా అనగలగడానికి కారణం అదే. జవాబు చెప్పే స్వేచ్ఛ లేని మనిషిని పొగడటం మర్యాద కాదు, ఆమె నిస్సహాయతను వాడుకోవడం. అందులో తిట్టు లేదు కాబట్టి బాధ కూడా ఉండకూడదనడం న్యాయం కాదు.

ముందుగా మీరు రోజూ ఎదుర్కొనే చిన్న సంగతి చూద్దాం. కొంగు మీ భుజం మీదకు రాగానే చూపులన్నీ మీ వైపు తిరుగుతాయి. అంచు ఎలా ఉంది, బుటా ఎంత ఒత్తుగా ఉంది, వెలుతురులో రంగు ఎలా మారుతోంది అని చూసినంత సేపు ఆ చూపులతో ఇబ్బంది లేదు, అది వ్యాపారం. ‘నీ కంటే ఈవిడకే బాగుంది’ అని భర్త అనగానే అక్కడ ఇద్దరు స్త్రీలు ఒకేసారి నొచ్చుకుంటారు. నలుగురిలో బాగుండదని భార్య ఆ బాధను భర్తతో చెప్పలేకపోతుంది. అందుకని ‘ఈ రంగు వద్దులెండి, వేరేవి తీయండి’ అని మీ మీద విసుక్కుంటుంది. నచ్చిన చీర పక్కకు పోతుంది, మీ ఇన్సెంటివ్ కూడా దానితోనే పోతుంది. అన్నవాడికి మాత్రం ఏమీ కాలేదు.

ఇలాంటి వాళ్లలో చాలామంది దురుద్దేశంతో అనరు, నోరు జారతారంతే. వారితో గొడవ అక్కర్లేదు. కృతజ్ఞతలు చెప్పాల్సిన పని కూడా లేదు. మాట వినగానే కొంగు మీ భుజం మీద నుంచి తీసి ఆమె చేతికి ఇవ్వండి. ‘ఒకసారి మీరు వేసుకుని అద్దంలో చూసుకోండమ్మా, మీ రంగుకు ఈ అంచు ఎలా ఉందో మీకే తెలుస్తుంది’ అనండి. అప్పటి నుంచి మీ మాటలన్నీ ఆమెతోనే సాగనివ్వండి. ఆయన మాట అక్కడే ఆగిపోతుంది, ఆమెకు మీరు ఎవరి వైపు ఉన్నారో అర్థమవుతుంది. అసలు కొంగును కొనేవారి భుజం మీదే వేసి చూపించే పద్ధతి మీ విభాగమంతటా పెడితే ఇంకా మంచిది. ఇన్‌చార్జితో ఇది ఫిర్యాదుగా కాకుండా అమ్మకం పెంచే ఉపాయంగా చెప్పండి, వెంటనే ఒప్పుకుంటారు.

ఈ జవాబు చదివే మగవారితోనూ ఒక మాట. సేల్స్‌గర్ల్‌ను మెచ్చుకోవాలని నిజంగా అనిపిస్తే ‘ఇన్ని చీరలు విసుక్కోకుండా చూపించావమ్మా’ అనండి. గంటల తరబడి నిలబడి చేసిన ఆమె పనికి దక్కే గౌరవం అది. ఆమె రూపం గురించి మీ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఇక ఆ యాభై దాటిన మనిషి సంగతి వేరు. ఆయనది నోరు జారడం కాదు. కొనేది లేకపోయినా వస్తున్నారు, మీ కౌంటరే ఎంచుకుంటున్నారు, పేరు పెట్టి ఏకవచనంలో పిలుస్తున్నారు, ఇప్పుడు ‘ఇంకోసారి నవ్వు’ అని అడిగే దాకా వచ్చారు. ఎంత వరకు చెల్లుతుందో కొలుచుకుంటూ ఒక్కో అడుగూ ముందుకు వేస్తున్నారు. ‘నవ్వి ఊరుకో’ అన్న ఇన్‌చార్జి సలహా ఇక్కడ ప్రమాదకరం. మీరు నవ్విన ప్రతిసారీ ఆయన దాన్ని అంగీకారం కింద జమ వేసుకుంటారు.

ఈసారి వచ్చినప్పుడు ‘ఏ రకం చీరలు చూపించమంటారు సార్?’ అని అడగండి. మళ్లీ మీ గురించి మొదలుపెడితే, ‘సార్, నా గురించి మాటలు వద్దు. నన్ను మీరు అని పిలవండి. చీరలు చూస్తానంటే చూపిస్తాను’ అనండి. పక్క కౌంటర్‌కు వినిపించేంత గొంతుతో అనాలి, అరవకూడదు. ‘ఏమీ అనుకోకండి’ అని చివర్లో చేర్చకండి. అన్నిటికంటే ముఖ్యం, నవ్వకుండా అనాలి. ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. రెండేళ్లుగా మీ ముఖానికి కౌంటర్ ముందు నవ్వడమే అలవాటైంది, ఎంత గట్టి మాట అన్నా పెదవుల మీదకు నవ్వు దానంతటదే వచ్చేస్తుంది. అది వస్తే మాట బలం పోతుంది. అందుకే ఇంట్లో అద్దం ముందు నిలబడి ఆ వాక్యాలను పైకి అని చూసుకోండి. మీ గొంతులో అవి మీకే కొత్తగా అనిపించడం మానేసేంత వరకు అనండి.

పక్కనున్న వాళ్లకు ముందే చెప్పి పెట్టండి. ఆయన మెట్లెక్కడం చూడగానే మీరు స్టాక్ గది వైపు వెళ్లడం, సేల్స్‌మన్ ఒకరు వచ్చి ‘చెప్పండి సార్’ అనడం చాలా దుకాణాల్లో సిబ్బంది తమలో తాము చేసుకునే ఏర్పాటే. బ్యాడ్జీ మీద పూర్తి పేరుకు బదులు ఉద్యోగి సంఖ్యో, ఇంటిపేరో ఉండేలా అడగండి. మీ సొంత ఫోన్ నంబరు ఏ కస్టమర్‌కూ ఇవ్వకండి, కొత్త డిజైన్ల ఫొటోలు పంపమని అడిగినా దుకాణం నంబరు నుంచే పంపండి. రాత్రి షట్టర్ వేశాక ఒంటరిగా బయలుదేరకండి. ఆయన బయట కనిపించినా, వెంట వచ్చినా, ఫోన్‌లో సందేశాలు పెట్టినా ఇక ఆలోచించకండి. వద్దంటున్నా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. అత్యవసరమైతే 112కు, సలహా, సాయం కావాలంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

మీ యాజమాన్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కస్టమర్ అన్న మాటకు తామేం చేయగలమని వాళ్లు అనవచ్చు. చట్టం అలా చెప్పడం లేదు. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన ప్రభుత్వ కార్యక్రమ కార్యకర్త భన్వరీ దేవిపై సామూహిక అత్యాచారం జరిగాక మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లడంతో, వాటిలో ఒకటైన ‘విశాఖ’ సంస్థ పేరుతో 1997లో విశాఖ తీర్పు వచ్చింది. దాని ఆధారంగా 2013లో పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం చేశారు. మీకు ఇష్టం లేకుండా లైంగిక అర్థం ధ్వనించేలా మాట్లాడటమూ ఆ చట్టం ప్రకారం వేధింపే, చేయి వేయాల్సిన అవసరం లేదు. పనిచేసే చోటికి వచ్చే బయటి వ్యక్తుల నుంచి కూడా ఉద్యోగినికి రక్షణ కల్పించడం యజమాని బాధ్యత అని 19వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. వేధించిన వ్యక్తి అక్కడి ఉద్యోగి కాకపోయినా, మీరు కోరితే చర్యలు మొదలుపెట్టించాల్సింది, పోలీసు ఫిర్యాదుకు సాయపడాల్సింది యజమానే. పది మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థలోనూ ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. లేకపోతే యజమానికి రూ.50,000 వరకు జరిమానా పడుతుంది. అంతకంటే చిన్న దుకాణాల్లో పనిచేసేవారు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. యజమాని మీదే ఫిర్యాదు చేయాల్సి వచ్చినా అక్కడికే వెళ్లాలి. చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు పెంచుతారు. ఈ రక్షణ ఉద్యోగం చేసేవారికి మాత్రమే కాదు. దుకాణానికో, బ్యాంకుకో కస్టమర్‌గా వెళ్లిన మహిళను అక్కడి సిబ్బంది వేధిస్తే ఆమె కూడా ఇదే చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు.

కాబట్టి ఇన్‌చార్జికి ఈసారి నోటితో చెప్పకండి, కాగితం మీద రాసివ్వండి. ఏ తేదీన ఏ సమయానికి వచ్చారు, సరిగ్గా ఏ మాట అన్నారు, అప్పుడు పక్కన ఎవరున్నారు అన్నవి చాలు, మీ ఆవేదన వర్ణించనక్కర్లేదు. మీ అంతస్తులో సీసీ కెమెరా ఉంటే ఆ రోజుల దృశ్యాలు చెరిపేయకుండా ఉంచమని అందులోనే కోరండి. నకలు మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. మీలాగే ఇబ్బంది పడుతున్నవారు ఇంకొందరు ఉండే ఉంటారు, వాళ్లతో మాట్లాడి అందరూ కలిసి సంతకాలు పెడితే ఆ కాగితం బరువే వేరు. కేరళలో వస్త్ర దుకాణాల్లో పనిచేసే మహిళలకు రోజంతా కూర్చోవడానికే వీలుండేది కాదు. కోజికోడ్‌లో పి.విజి అనే దర్జీ అసంఘటిత రంగంలోని మహిళలను కూడగట్టి ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2018లో దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చారు. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టమే చేసింది. అక్కడి యజమానులు కూడా మొదట్లో ‘ఈ ఉద్యోగం ఇంతే’ అన్నవారే.

మీ అమ్మగారితో వాదించకండి. ఆమె కాలంలో అంతకంటే ఘోరమైన మాటలు మౌనంగా భరించి ఉంటారు, ఆ కొలతతో చూస్తే ఇది ఆమెకు చిన్నదిగానే కనిపిస్తుంది. ‘ఆ మాట నాన్న ముందు ఆయన నాతో అనగలడా అమ్మా?’ అని మాత్రం ఒకసారి అడగండి.

మీ వారి మాటే మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టిందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. బయటివాడి మాట పళ్ల బిగువున భరించవచ్చు. ఇంటికొచ్చి చెప్పుకుంటే తప్పు మీదేనన్నట్టు మాట్లాడితే ఇక చెప్పుకునే చోటు ఎక్కడుంటుంది? ఆయన చెడ్డవారని నేను అనుకోవడం లేదు. భార్యను ఎవడో ఏదో అంటున్నాడంటే కోపం, భయం రెండూ వస్తాయి. ఆ మనిషి ఎదురుగా లేడు, మీరున్నారు. అందుకే కోపం మీ వైపు తిరిగింది. తేలికపడిన రోజు చూసి, పాప పడుకున్నాక మాట్లాడండి. ‘మీరు కూడా బండ్ల లోను ఇప్పించడానికి కస్టమర్లతో నవ్వుతూనే మాట్లాడతారు కదా. ఆ నవ్వు చూసి మీ మీద ఎవరైనా ఇలాంటి మాటలు విసిరారా? నవ్వు తప్పయితే ఇద్దరిదీ తప్పే’ అనండి. దెప్పుతున్నట్టు కాకుండా అడగండి. తర్వాత ఆయన నుంచి మీకేం కావాలో విడమరిచి చెప్పండి. దుకాణానికి వచ్చి ఆ మనిషితో తగువు పెట్టుకోవద్దని చెప్పండి. ఫిర్యాదు రాయడంలో పక్కన కూర్చోమనండి, కొన్నాళ్లు రాత్రిపూట బండి మీద వచ్చి తీసుకెళ్లమనండి. చేయడానికి ఒక పని ఉంటే ‘మానెయ్’ అనే మాట దానంతటదే తగ్గుతుంది. ఆయనకు అభ్యంతరం లేకపోతే ఈ జవాబు చూపించండి.

పూలు మానేశానని రాశారు. ఆ మనిషి కోసం పెట్టుకోలేదు, ఆయన కోసం మానాల్సిన పని కూడా లేదు. అలంకారం తగ్గిస్తే మాటలు తగ్గుతాయనుకోవడం సహజమే కానీ, యూనిఫాం చీరలో ఉన్నప్పుడూ అన్నారని మీరే రాశారు. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, డ్యూటీకి బయలుదేరే వేళకు గుండె దడ, పాప మీద ఊరికే విసుక్కోవడం లాంటివి రెండు వారాలకు మించి ఉంటే మాత్రం నిర్లక్ష్యం చేయకుండా దగ్గర్లోని కౌన్సెలర్‌నో, మానసిక వైద్యులనో కలవండి. 14416 నంబరులో ఫోన్‌లోనే మానసిక సలహా ఇచ్చే ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఉచితంగా అందుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఉద్యోగం మానాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చుకోకండి. ఫిర్యాదు ఇచ్చాక యాజమాన్యం ఏం చేస్తుందో కొద్ది వారాలు చూడండి. ఆయనను మీ కౌంటర్‌కు రాకుండా ఆపితే మీరు నిశ్చింతగా పని చేసుకోవచ్చు. ఫిర్యాదు ఇచ్చినందుకు మిమ్మల్నే వేరే విభాగానికి పంపి ఇన్సెంటివ్ తగ్గిస్తే అది కూడా రాసి కమిటీకి ఇవ్వండి. ఏదీ కదలకపోతే అప్పుడు వేరే దుకాణం చూసుకోండి. పట్టుచీరల్లో రెండేళ్ల అనుభవం ఉన్నవారిని పెళ్లిళ్ల సీజన్ ముందు ఏ దుకాణమైనా పిలిచి ఉద్యోగమిస్తుంది. వెళ్లేముందు అనుభవ ధ్రువపత్రం, బకాయి ఉన్న ఇన్సెంటివ్, పీఎఫ్ వివరాలు తీసుకోండి. కొత్తచోట చేరేముందు జీతంతో పాటు అంతర్గత కమిటీలో ఎవరున్నారో కూడా అడగండి.