రంగు పెచ్చులు లేస్తోందంటే ముందు జిడ్డు చూడు తమ్ముడూ

ఎపాక్సీ పుట్టీతో (రెండు ముద్దలు కలిపితే గట్టిపడేది) చేసిన చిన్న రాక్షసుడి బొమ్మకి ప్రైమర్ (రంగు పట్టడానికి ముందేసే పూత) కొట్టి రంగేస్తే భుజాల దగ్గర పెచ్చులు ఊడిపోతున్నాయి, పర్లాకిమిడిలో వానల వల్లేనా అని అడిగావు కదా. వానలకీ కొంత పాపం ఉంది గానీ అసలు దొంగ నీ ఫొటోలో మూలనున్న వాజలీన్ డబ్బా. పుట్టీ వేళ్ళకి అంటుకోకుండా అందరం రాస్తాం, తప్పేం కాదు, కాకపోతే గట్టిపడ్డాక కడక్కపోతే ఆ జిడ్డు మీద ఏ రంగూ నిలవదు. బరంపురంలో నా మొదటి మూడు బొమ్మలూ ఇలాగే పోయాయి, ఒక మంత్రగాడి గడ్డం గోరు తగిలితే చాలు, పొరలా లేచొచ్చేసింది.

ఇప్పుడు ఊడేదంతా ఊడదీసెయ్యి, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో మడతల్లోపల కూడా రుద్దు, పూర్తిగా ఆరనియ్యి, ఆ తర్వాత బొమ్మని చేత్తో ముట్టుకోకు, సీసా మూతకి అతికించి మూత పట్టుకునే పని చెయ్యి. గాలిలో తేమ ఉన్నప్పుడు స్ప్రే ప్రైమర్ గరుకుగా పొడిపొడిగా పడుతుంది, ఈ నెలల్లో బ్రష్‌తో వేసేదే నయం. రంగు కూడా నీళ్ళు కలిపి పల్చగా రెండు మూడు పూతలు వెయ్యి, ఒకేసారి దట్టంగా పూస్తే ముక్కూ మూతీ పూడిపోతాయి.

ఈసారి వాజలీన్ మానేసి పుట్టీ మలిచే పనిముట్టు నీళ్ళలో ముంచి చూడు. అన్నట్టు ఆ కొమ్ములు మాత్రం అదిరాయి, పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే పర్లాకిమిడి వాడివి అనిపించావ్.