ఆరు వారాలు రాకపోతే పేరు కొట్టేస్తారా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. కూలిపనికి హైదరాబాద్ వెళ్తూ, ఏడో తరగతి చదివే మా అమ్మాయినీ తీసుకెళ్లాం. ఆరు వారాలకు తిరిగొస్తే ‘పేరు తీసేశాం’ అన్నారు బడిలో. బస్సు ఆలస్యమైతే మా చిన్నోణ్ణి గేటు బయట ఎండలో నిలబెడుతున్నారు. ఏం చేయాలి సార్?

జవాబు: టెన్షన్ పడకండమ్మా. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడానికి వీల్లేదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎందుకు రాలేదో తెల్లకాగితం మీద రాసి హెడ్మాస్టరుకివ్వండి. ఇంకో కాపీ మీద సంతకం, బడి ముద్ర వేయించుకోండి. వినకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ) గారి దగ్గరికి వెళ్లండి.

ఎండలో నిలబెట్టడమా? 17వ సెక్షన్ శారీరక శిక్షను నిషేధించింది. నేనూ పొదిలి వైపు పనిచేసిన కొత్తలో ఆలస్యంగా వచ్చినవాళ్లను గోడకుర్చీ వేయించినవాణ్ణే. పొగాకు రెలిచే (ఆకు కోసే) రోజుల్లో ఒక పిల్లవాడు హోంవర్కు చూపించబోతే నోటుబుక్కు వాడి వేళ్లకు అతుక్కుపోయింది. ఆకు జిగురు! తెల్లవారుజామునే చేలోకి వెళ్లొచ్చాడట. ఆ తర్వాత గోడకుర్చీ మానేశాను.

ఒక్కమాట. బడికెళ్లే పిల్లల తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమిచ్చే ‘తల్లికి వందనం’ డబ్బుకు 75 శాతం హాజరు చూస్తారు. మళ్లీ వలస వెళ్లేట్టయితే పాపను అక్కడి సర్కారు బడిలో చేర్పించండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. అదీ ఆ చట్టంలోనే ఉంది.