కళాశాల క్లాసిక్స్ విభాగంలో జరిగే వేడుకలు చదువుకు తోడ్పడతాయా?

ప్రాచీన గ్రీకు, లాటిన్ భాషలనూ వాటి సాహిత్యాన్నీ బోధించే క్లాసిక్స్ విభాగంలో కొత్తగా చేరిన మీరు, అక్కడి వేడుకలు వేషాలు వేసుకుని సరదాగా గడపడానికేనా, చదువుకు ఏమైనా తోడ్పడతాయా అని అడిగారు. గ్రీకు, లాటిన్ చదువుకున్న రోజుల్లో వాటిలో పాల్గొని, తరువాత కొన్నింటి నిర్వహణలోనూ పాలుపంచుకున్న అనుభవంతో చెబుతున్నాను: వేషధారణకే పరిమితమైనవి త్వరగా మరపున పడతాయి, కావ్యాన్ని నోరారా పలికించేవి మాత్రం మనం చదివే తీరునే మారుస్తాయి.

అన్నిటిలో నాకు అమూల్యంగా తోచేది ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యాన్ని ఆద్యంతం బిగ్గరగా చదివే కార్యక్రమం. ట్రాయ్ యుద్ధాన్ని వర్ణించే ఆయన కావ్యం ఇలియడ్‌లో 24 సర్గలు, 15,693 పంక్తులు ఉన్నందువల్ల, ఒకరి తరువాత ఒకరు చదువుతూ పోతే దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. చాలా భాగం అనువాదంలోనే సాగినా, గ్రీకు నేర్చుకుంటున్నవారు కొన్ని పంక్తులను మూలంలోనే, హెక్సామీటర్ (పంక్తికి ఆరు గణాలుండే ఛందస్సు) లయ చెడకుండా వినిపిస్తారు. తరగతిలో విసుగు పుట్టించిన పునరుక్తుల అవసరం నాకు అక్కడే అర్థమైంది: అవి చదివేవారికి ఊపిరి తీసుకునే వ్యవధినిస్తాయి, వినేవారికి కథాసూత్రం జారిపోకుండా చూస్తాయి. చివరి సర్గలో ట్రాయ్ రాజు ప్రియామ్ తన కుమారుణ్ణి చంపిన గ్రీకు వీరుడు అకిలీస్ చేతులను ముద్దాడతాడు. ఆ చేతులు చేసిన సంహారాన్ని గంటల తరబడి విన్న తరువాత ఆ ఘట్టం కలిగించే వేదన, దాన్ని విడిగా పాఠంగా చదివినప్పుడు కలగదు.

డిసెంబరు 17న మొదలయ్యే రోమన్ల పండుగ సాటర్నేలియాను కూడా చాలా విభాగాలు జరుపుకుంటాయి. రోమన్లు ఆ రోజుల్లో కొవ్వొత్తులు, చిన్న మట్టిబొమ్మలు కానుకలుగా ఇచ్చుకునేవారు. యజమానులు బానిసలకు భోజనం వడ్డించేవారు. దాన్ని అనుసరించి మా అధ్యాపకులు విద్యార్థులకు వడ్డించేవారు. అయితే పండుగ ముగిశాక ఆ బానిసలు బానిసలుగానే మిగిలారన్న సంగతిని ఒక అధ్యాపకురాలు ప్రతిసారీ గుర్తుచేసేవారు. ఆ మాట లేని సాటర్నేలియా అసంపూర్ణమని నా నమ్మకం.

సీజర్ హత్య జరిగిన మార్చి 15, రోమ్ పుట్టినరోజుగా చెప్పుకునే ఏప్రిల్ 21 సాధారణంగా చిన్న సమావేశాలతో ముగుస్తాయి.

మీరే ఏదైనా నిర్వహించదలిస్తే పఠనంతో మొదలుపెట్టండి. పూర్తి కావ్యం భారమనిపిస్తే ఒక్క సర్గ చాలు. మొదటి సంవత్సరం విద్యార్థులకు చిన్న భాగాలను ముందుగానే ఇచ్చి సాధన చేయించండి. అనువాదం చదవడానికి గ్రీకు రానవసరం లేదు కనుక ఇతర విభాగాలవారినీ పిలవండి. తెల్లవారుజాము గంటలకు తమంతట తాముగా పేర్లు ఇచ్చేవారు తక్కువ. ఆ వేళలకు మాత్రం ఒక్కొక్కరినీ నేరుగా అడిగి ఒప్పించుకోవాలి.